కంపెనీ ఇవ్వరా కాసేపు

మొన్న శనివారం రాత్రి మా ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ ఊరెళ్ళింది. వాడు బిర్యానీ తేవడానికి కిందికి దిగుతూ "నేనొచ్చేదాకా వీడికి తోడుండరా" అని ఎనిమిదో క్లాసు చదివే కొడుకుని నాకు అప్పజెప్పి పోయాడు. ఆ కొడుకు సోఫాలో బోర్లా పడుకుని ఇంగ్లీషు వర్క్‌బుక్ నింపుతున్నాడు. ఇడియమ్స్ అట. "ఎ మ్యాన్ ఈజ్ నోన్ బై ద కంపెనీ హీ కీప్స్", దీని అర్థం సొంత మాటల్లో రాయమన్నారు. మనవాడు రాసిందేంటంటే, మనిషి ఎంత గొప్పవాడో అతను పెట్టిన కంపెనీని చూస్తే తెలిసిపోతుందని. పక్కన ఉదాహరణ కూడా ఇచ్చాడు, టాటా అని.

నాకు నవ్వాగలేదు. వాడికి రోషం వచ్చింది. "ఏం బాబాయ్, తప్పా?" అన్నాడు పెన్సిలు కొరుకుతూ.

తప్పే. కానీ చూస్తే వాడు చేసింది పక్కా తెలుగు లెక్క. మనకి కీప్ అంటే పెట్టడమే కదా. బ్యాగ్ అక్కడ కీప్ చెయ్, ఫైల్ టేబుల్ మీద కీప్ చెయ్ అంటాం, ఇంగ్లీషువాడైతే అక్కడ పుట్ అంటాడు, అది వేరే సంగతి. బ్యాగ్ కీప్ చేయడం అంటే బ్యాగ్ పెట్టడమైనప్పుడు కంపెనీ కీప్ చేయడం అంటే కంపెనీ పెట్టడం కాక ఇంకేమవుతుంది? పోనీ పెట్టడం వద్దు, కీప్ అంటే ఉంచుకోవడం అని చెబుదామా అంటే అది మరీ ప్రమాదం. మన ఊళ్ళలో "ఉంచుకున్నాడు" అన్న మాటకి ఏం అర్థం ఉందో, ఆయనకో "కీప్" ఉందని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ఎందుకంటారో ఎనిమిదో క్లాసు వాడికి నేను చెప్పలేను.

నిజానికి ఈ ఇడియమ్‌లో ఉన్న కీప్ ఆ రెండూ కాదు. ఇది పాత కీప్. గమనించడం, పాటించడం, కనిపెట్టుకుని ఉండడం అన్న అర్థంలోది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికీ, రాత్రంతా కాపలా కాయడానికీ ఇంగ్లీషులో వాడేది ఆ కీపే. అందుకే "కీప్ మీ కంపెనీ" అని ఎవరైనా అంటే నన్ను కనిపెట్టుకుని కాసేపు ఇక్కడే ఉండు అని. మా అమ్మమ్మ ఇంగ్లీషు ముక్క రాకుండానే రోజుకి పదిసార్లు అనేది ఈ మాట.

నాకు ఇది తెలిసింది పుస్తకంలో కాదు, బట్టలుతికే గదిలో. కొన్నేళ్ళ కిందట ప్రాజెక్టు పని మీద అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఒక చలికాలం ఉన్నాను. పాత అపార్ట్‌మెంట్, నేలమాళిగలో అందరికీ కలిపి నాలుగు వాషింగ్ మెషీన్లు, మూడు డ్రయర్లు, ఒక డ్రయర్ ఎప్పుడూ పనిచేయదు. క్వార్టర్ నాణేలు వేస్తే గాని తిరగవు. మా కింది ఫ్లోర్‌లో డెబ్భై దాటిన ఒకావిడ ఉండేది, ఒంటరిగా. ఒక ఆదివారం సాయంత్రం నేను బట్టలు తీసుకుని పైకి వెళ్ళబోతుంటే ఆవిడ డ్రయర్‌లో దుప్పట్లు వేసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటోంది. ఆ గదిలో ట్యూబ్‌లైటు ఆగి ఆగి వెలుగుతుంది, మనకే భయమేస్తుంది. పాపం అనిపించి మర్యాదగా అడిగాను, "షల్ ఐ గివ్ యూ కంపెనీ?"

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "యూ గివ్ ఇట్, ఐ విల్ కీప్ ఇట్" అంది. నువ్వివ్వు, నేనుంచుకుంటా అని. నాకు అర్థం కాలేదు. అయోమయంగా నవ్వి పక్కనున్న బల్ల మీద కూర్చున్నా. అప్పుడు ఆవిడే విడమరిచి చెప్పింది, మా దగ్గర కంపెనీ ఇవ్వరు బాబూ, కీప్ చేస్తారు అని. దెప్పిపొడుపుగా కాదు, మన పెద్దవాళ్ళు పిల్లల షర్టు గుండీ సరిచేస్తారే, అలా. దుప్పట్లు ఆరడానికి ముప్పావు గంట పట్టింది. దేనికో ఉన్న గుండీ ఒకటి డ్రమ్ముకి తగులుతూ టక్, టక్ అంటూనే ఉంది. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. మీ ఊళ్ళో మంచు పడుతుందా అని అడిగింది, మా ఊళ్ళో స్వెట్టర్ షోకేసులో ఉంటుందని చెప్పాను. అంతే.

ఆ తర్వాత ఆవిడతోనే ఇంకోసారి పరువు పోగొట్టుకున్నాను. పులిహోర చేశా, శనివారం రండి అని పిలిస్తే, శనివారం కుదరదు, "ఐయామ్ హావింగ్ కంపెనీ" అంది. డెబ్భై ఏళ్ళ వయసులో ఈవిడ కంపెనీ మొదలుపెడుతోందా, ఎంత హుషారు అనుకుని, "కంగ్రాచ్యులేషన్స్, ఏం బిజినెస్?" అని అడిగేశాను. వాళ్ళ చెల్లెలి కుటుంబం వస్తోందట. ఇంటికి చుట్టాలొచ్చినా కంపెనీయే అక్కడ. ఎనిమిదో క్లాసు పిల్లాణ్ణి చూసి నవ్విన నేను ఆ రోజు చేసింది అచ్చంగా వాడు చేసిన తప్పే, మీరు వాడికి చెప్పకండి.

అసలు ఈ కంపెనీ అన్న మాట పుట్టింది వంటింట్లో. లాటిన్‌లో కోమ్ అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కంపానియో. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఒకవైపు కంపానియన్ అయింది, ఇంకోవైపు కంపెనీ అయింది. పాత గోతిక్ భాషలో కూడా సరిగ్గా ఇలాగే రొట్టె పంచుకునేవాడు అన్న అర్థంలో స్నేహితుడికి గహ్లైబ అని ఒక మాట ఉంది. రొట్టెలు దాచే గది కాబట్టి పాంట్రీ కూడా ఆ పానిస్ కొమ్మే. ఇది తెలిసినప్పటి నుంచి ఆఫీసులో నాకు ఒక వెర్రి ఆనందం. సాయంత్రం నాలుగింటికి పక్క సీటతను "పాంట్రీకి వెళ్తున్నా, కంపెనీ ఇస్తారా?" అంటాడా, ఆ ఒక్క వాక్యంలో రెండు రొట్టెలున్నాయని అతనికి తెలీదు. ఒకసారి చెప్పాను. రెండో రోజు నుంచి అతను వేరేవాళ్ళని పిలవడం మొదలుపెట్టాడు.

రొట్టె వాళ్ళది కాబట్టి రొట్టె చుట్టూ తిరిగింది, మనకైతే కంచం. కంచం పొత్తు అంటాం. వాళ్ళకీ వీళ్ళకీ కంచం పొత్తు ఉంది, మంచం పొత్తు లేదు అంటే కలిసి తింటారు గాని పిల్లనిచ్చి పుచ్చుకోరు అని. కలిసి తినడమనే చిన్న పనిలో ఎంత కులం, ఎంత లెక్కాజమా దాగి ఉందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది, లాటిన్ వాళ్ళకి ఇంత వివరం తట్టలేదు. ఆ పొత్తుని ఇప్పుడు రాజకీయ పార్టీలు ఎత్తుకుపోయాయి, ఎన్నికలప్పుడు తప్ప ఎవరూ వాడట్లేదు.

ఇక తోడు. నాకు తెలుగులో చాలా ఇష్టమైన మాటల్లో ఇదొకటి. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడల్లుడు, ఆఖరికి తోడుదొంగ కూడా. కానీ ఎక్కువగా ఈ మాట వినిపించేది రాత్రి తొమ్మిదిన్నరకి, వంటిల్లు సర్దేటప్పుడు. "పాలు తోడు పెట్టావా?" గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు వేసి కలిపి మూత పెడితే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఆ చెంచాడు పెరుగుని కూడా మనవాళ్ళు తోడు అన్నారు. పాలు ఒంటరిగా ఉంటే విరిగిపోతాయేమో అని దానికి తోడు పెట్టినట్టు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు అన్న సామెతకి ఇంతకంటే మంచి బొమ్మ వేయలేం. పాలకైతే ఆర్నెల్లు కూడా అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు. తోడు పుల్లదైతే పెరుగూ పుల్లగానే వస్తుంది, ఇది మా అమ్మ పక్కింటి తోడు గురించి చెప్పే ఫిర్యాదు.

సావాసం అంటే సహవాసమే, కలిసి ఉండడం. తెలంగాణలో సోపతి అంటారు, అది ఉర్దూ సోహబత్. దాని అర్థం కూడా అచ్చంగా కంపెనీయే. "వాని సోపతి పట్టి ఖరాబైండు" అంటే ఇంగ్లీషులో బ్యాడ్ కంపెనీ అనడానికి వెంట్రుకవాసి తేడా లేదు.

మరి ఇన్ని మాటలుండగా మనకి కంపెనీ ఎందుకు కావాల్సొచ్చింది అంటే, అది స్నేహంగా రాలేదు, ఓడెక్కి వ్యాపారంగా వచ్చింది. 1600 డిసెంబరు 31న లండన్‌లో రాణి పట్టా ఇచ్చిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. మనవాళ్ళ నోట్లో అది కుంఫిణీ అయింది. కుంఫిణీ దొరలు, కుంఫిణీ సర్కారు. 1858లో కుంఫిణీ పాలన పోయి రాణి పాలన వచ్చినా మాట మాత్రం పోలేదు, రూపు మార్చుకుని కంపెనీగా స్థిరపడింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్ళలాంటివి నాటకాల కంపెనీలు, తర్వాత సినిమా కంపెనీలు. షాపులో "ఇది లోకల్ కాదు సార్, కంపెనీ" అంటే నమ్మదగ్గ సరుకు అని. ఇంగ్లీషులో ఇలా ఎవరైనా అంటారేమో నాకైతే ఎప్పుడూ వినబడలేదు, ఇది మన సొంత తయారీ.

"కంపెనీ ఇవ్వు" కూడా మన తయారీయే. హిందీలో సాథ్ దేనా అంటారు కదా, తోడు ఇవ్వడం, దాన్నే ఇంగ్లీషు బట్టలేసి తిప్పుతున్నామని నా అనుమానం. తెలుగులో ఈ కంపెనీ ఇవ్వడానికి ఒక ప్రత్యేకమైన స్థలం ఉంది. బాటిల్ ఉన్న బల్ల. "తాగకపోతే పోనీరా, వచ్చి కంపెనీ ఇవ్వు చాలు." ఇరవై ఏళ్ళుగా ఆ పోస్టులో పర్మినెంట్ ఉద్యోగిని నేను. థమ్సప్ గ్లాసు పట్టుకుని కూర్చుని, ఒకే కథ మూడోసారి కొత్తగా విని, ఎవడెవడికి ఎంత బాకీ ఉన్నాడో గుర్తుపెట్టుకుని, చివర్లో అందరినీ ఇళ్ళ దగ్గర దింపేవాడు. బదులుగా మంచింగ్ అంతా నాదే. "వీడు కంపెనీ ఇవ్వడానికి రాడు, చికెన్ పకోడీ ఖాళీ చేయడానికి వస్తాడు" అని మావాళ్ళ ఆరోపణ. ఒప్పుకుంటాను. లాటిన్ ప్రకారం చూసినా నేను చేసేదే అసలైన కంపెనీ, తినడం.

దీన్ని తప్పు ఇంగ్లీషు అని కొట్టిపారేసేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. తెలుగు మాట్లాడేటప్పుడు కంపెనీ ఇవ్వు అనే అనాలి, "నాకు కంపెనీ కీప్ చెయ్యరా" అంటే వాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఇంగ్లీషులో మెయిల్ రాస్తున్నప్పుడో, బయటిదేశం వాళ్ళతో మాట్లాడుతున్నప్పుడో మాత్రం కీప్ వాడండి. వాడేటప్పుడు ఒక చిన్న గుంట ఉంది, చూసి దాటండి. "కీప్ సమ్‌బడీ కంపెనీ" అంటే తోడుండడం, ఏ గొడవా లేదు. మధ్యలో విత్ వచ్చి "కీప్ కంపెనీ విత్ సమ్‌బడీ" అయిందంటే కథ మారుతుంది. అది వాళ్ళతో తిరుగుతున్నాడు అని. మనకీ "తిరుగుతున్నాడు" అంటే రెండర్థాలున్నాయి కదా, సరిగ్గా ఆ రెండూ అక్కడా ఉన్నాయి. వెధవలతో తిరుగుతున్నాడు అన్నది ఒకటి, అమ్మాయితో తిరుగుతున్నాడు అన్నది ఇంకోటి. వందేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఫలానా అబ్బాయీ అమ్మాయీ కీపింగ్ కంపెనీ అంటే పెళ్ళి దాకా వెళ్ళేలా ఉన్నారని ఊరు చెప్పుకోవడం. ఇప్పుడు అలా పెద్దగా వాడరు, పాత నవలల్లో తగులుతుంది. కాబట్టి బాసు గారమ్మాయి ఎయిర్‌పోర్టులో ఒంటరిగా ఉంటే మీరు తోడు కూర్చున్నారనుకోండి, ఆయనకి చెప్పేటప్పుడు ఆ విత్ పడకుండా చూసుకోండి.

ఇద్దరైతే కంపెనీ, ముగ్గురైతే గుంపు అని వాళ్ళకొక సామెత. మనం ఆ మూడోవాణ్ణి పానకంలో పుడక అంటాం, మనదే బాగుంది, గొంతులో గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. "ప్రెజెంట్ కంపెనీ ఎక్సెప్టెడ్" అని ఇంకోటుంది, నలుగురిలో కూర్చుని "ఈ ఐటీవాళ్ళున్నారే..." అని మొదలెట్టి, పక్కన నేనున్నానని గుర్తొచ్చి "మిమ్మల్ని కాదు లెండి" అంటారు చూడండి, అది.

ఇంతకీ పిల్లాడి సామెత. దీనికి ఈసపు కథ ఒకటుంది. ఒకడు గాడిదను కొనేముందు ఒక రోజు చూసిస్తానని ఇంటికి తోలుకొచ్చి తన గాడిదల మధ్య వదిలాడు. అది నేరుగా వెళ్ళి, పని చేయకుండా తెగ మేసే బద్ధకపు గాడిద పక్కన నిలబడింది. వీడు వెంటనే తీసుకెళ్ళి తిరిగిచ్చేశాడు. అప్పుడే ఎలా తెలిసిందయ్యా అంటే, అది ఎవరి పక్కకి చేరిందో చూశాను చాలు అన్నాడట. కథ బాగుంది గాని నాకెప్పుడూ ఆ గాడిద తరఫున ఒక మాట అడగాలనిపిస్తుంది. కొత్త చోటు, ఎవరూ తెలీదు, ఖాళీగా నిలబడ్డది అదొక్కటే, మిగతావన్నీ పనిలో ఉన్నాయేమో. ఆఫీసులో చేరిన మొదటి రోజు నేను చేసిందీ అదే, టీ మెషీన్ దగ్గర ఖాళీగా ఉన్నాయన పక్కన చేరాను.

తెలుగు బైబిల్లో "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" అని ఉంటుంది, అది ఇంకాస్త గట్టి మాట. ఇంటర్లో మా బ్యాచ్ నలుగురం ఒకసారి క్లాసు ఎగ్గొట్టి సినిమాకి పోయి దొరికిపోయాం. ప్రిన్సిపాల్ గదిలో నాలుగు కుర్చీలు, నలుగురు తల్లులు. మా అమ్మ, "మావాడు మంచోడేనండీ, సావాసం అలాంటిది" అంది. ఒకరి తర్వాత ఒకరు మిగతా ముగ్గురూ అదే మాటన్నారు. ఆ లెక్కన మా నలుగురినీ చెడగొట్టిన అయిదోవాడు ఒకడుండాలి, వాడు ఇప్పటిదాకా దొరకలేదు.

ఇవన్నీ చెప్పి వాడి జవాబు కొట్టేయిద్దామనుకుంటుండగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా బంధువుల్లో పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి ఎలాంటివాడు అని ఎవరూ అడగరు. మొదటి ప్రశ్నే "ఏ కంపెనీ?" రెండోది ప్యాకేజీ. కంపెనీని బట్టే మనిషి అంటున్నారు కదా మరి. ఆ లెక్కన వాడు రాసింది ఇంగ్లీషు మేడమ్‌కి తప్పు గాని మా చుట్టాలకి నూటికి నూరు మార్కులు. వాడికి చెబితే "అయితే కొట్టేయనా వద్దా?" అని విసుక్కున్నాడు. కొట్టేసి, నువ్వెవరితో తిరుగుతావో చూస్తే నువ్వెవరో తెలుస్తుంది అని రాయమన్నాను. రాశాడు. టాటాని మాత్రం అలాగే ఉంచాడు.

వాళ్ళ నాన్న ఇంకా రాలేదు. బిర్యానీ దగ్గర రష్ అట. వాడు నా పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, నేను నా ఫోన్ చూసుకుంటున్నా. అప్పుడు మా ఊళ్ళో మామ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ భర్త పనిమీద పొరుగూరు వెళ్ళినప్పుడల్లా సాయంత్రం గోడ మీద నుంచి మా అమ్మని అడిగేవారు, "మీవాణ్ణి ఈ రాత్రికి తోడు పడుకోడానికి పంపుతావా?" అని. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. దొంగలొస్తే నేనేం చేస్తానని ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా. దిండు చంకలో పెట్టుకుని మగాడిలా వెళ్ళేవాణ్ణి. మామ్మగారు రెండు జంతికలు చేతిలో పెట్టి, లాంతరు తగ్గించి, నా మంచం పక్కన చాప వేసుకునేవారు. కాసేపు కబుర్లు చెబుతావేమిట్రా అనేవారు. రెండో జంతిక సగం తిని ఉంటానో లేదో, అంతే, నిద్ర.

తెల్లారి ఆవిడ నన్ను మా గుమ్మం దాకా దింపి అమ్మతో చెప్పేవారు, "నీ కొడుకున్నాడు గాబట్టి కంటినిండా నిద్రపట్టిందే అమ్మాయ్."